412 క్యారట్ల నమూనాతో వజ్రాల నిక్షేపం విలువ చెప్పవచ్చా?

తొలిపొర

అందరికీ నమస్కారం. ఒక కింబర్లైట్ గొట్టం (లోతు నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన అగ్నిశిలతో నిండిన నిలువు గొట్టం) అన్వేషణలో పనిచేస్తున్నాను. చోటు, సంస్థ పేర్లు చెప్పలేను గానీ అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను. ఉపరితలం దగ్గర ఒక కందకం తవ్వి 820 టన్నుల రాయిని శుద్ధి చేశాం. 1 మిల్లీమీటరు జల్లెడ పైన 4,100 వజ్రాలు నిలిచాయి. మొత్తం బరువు 412 క్యారట్లు. అంటే వంద టన్నులకు దాదాపు 50 క్యారట్ల గ్రేడ్. ముగ్గురు మదింపుదారులు ఒకరికొకరు సంబంధం లేకుండా ఆ పార్సిల్, అంటే దొరికిన వజ్రాల మొత్తం, చూసి ధర కట్టారు. ముగ్గురి అంకెల సగటు తీసుకుని క్యారట్‌కు ఇంత అని తేల్చాం.

ఇప్పుడు ఆ ధరను గ్రేడ్‌తో, గొట్టంలోని మొత్తం టన్నులతో గుణించి నివేదికలో పెట్టమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పార్సిల్‌లో 9 క్యారట్ల రాయి ఒకటి ఉంది. మొత్తం విలువలో 31 శాతం ఆ ఒక్క రాయిదే. దాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే క్యారట్ ధర దాదాపు 30 శాతం పడిపోతుంది. కందకం అంచు రెండు మీటర్లు అటు జరిగి ఉంటే ఆ రాయి మాకు దొరికేదే కాదు. దాన్ని లెక్కలో ఉంచాలా, తీసేయాలా? ఇలాంటి పని చేసినవాళ్లు దారి చూపండి.

లెక్కలమడి

మీ సంకోచం సబబే. తీసేయడం తప్పు, ఉన్నదున్నట్టు ఉంచడమూ తప్పే. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒక నిక్షేపంలో 10 క్యారట్లు దాటిన రాళ్లు ప్రతి 5,000 క్యారట్లకు సగటున ఒకటి చొప్పున ఉన్నాయనుకోండి. అక్కడ 1,000 క్యారట్ల నమూనా తీస్తే అలాంటి రాయి ఒక్కటీ రాకపోయే సంభావ్యత, అరుదైన ఘటనలు ఎన్నిసార్లు వస్తాయో చెప్పే పాయిజాన్ సూత్రం ప్రకారం, 82 శాతం. ఐదు బృందాలు విడివిడిగా తవ్వితే, దాదాపు నాలుగు బృందాలకు పెద్ద రాయి కనిపించదు. అసలు ధర కంటే తక్కువ ధర రాసుకుని వెళతాయి. ఐదో బృందానికి ఒకటి దొరుకుతుంది. వెయ్యికి ఒకటి అని రాసుకుంటుంది, నిజానికి అది ఐదు రెట్లు ఎక్కువ. ఐదింటిలో ఏ బృందమూ పని చెడగొట్టలేదు, అయినా ఏ బృందం చేతిలోనూ సరైన అంకె లేదు.

వజ్రాల విలువ లాగ్‌నార్మల్ విభాజనానికి దగ్గరగా ఉంటుంది. ఒక్కో రాయి విలువ తీసుకుని దాని సంవర్గమానం గీస్తే గంట ఆకారం వస్తుంది. ఆ సంవర్గమానాల ప్రామాణిక విచలనం 2 అనుకుంటే, రాయి సగటు విలువ మధ్యగతానికి 7.4 రెట్లు ఉంటుంది. సగటును అంచనా వేయడంలో దోషం 100 రాళ్లకు 73 శాతం, 1,000 రాళ్లకు 23 శాతం, మీ 4,100 రాళ్లకు 11 శాతం.

కొత్తచూపు

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను ఈ వృత్తిలో లేను, గనుల సంస్థల ప్రకటనలు చదువుతుంటాను. 11 శాతం దోషమంటే బాగానే ఉన్నట్టు కదా? ఇంత ఆందోళన ఎందుకు?

లెక్కలమడి

మంచి ప్రశ్న. ఆ 11 శాతం నేను అనుకున్న 2 అనే అంకె మీద ఆధారపడి ఉంది. ఆ 2 ఈ నిక్షేపానికి సరిపోతుందా అన్నది తొలిపొర గారి అంకెలే చెబుతున్నాయి. విచలనం 2 అయితే 4,100 రాళ్లలో అతి ఖరీదైన రాయి వాటా మామూలుగా మొత్తంలో 3, 4 శాతం దగ్గర ఉండాలి. విచలనాన్ని 3కు పెంచినా 15 శాతం చుట్టూ ఉంటుంది. ఇక్కడ 31 శాతం ఉంది. అయితే ఇది అరుదైన అదృష్టం కావాలి, లేదా పెద్ద రాళ్లు చిన్న రాళ్ల వరుసలోవి కాకుండా వేరే కుటుంబానికి చెందినవి కావాలి. ఈ రెండింటిలో ఏదో ఈ పార్సిల్ ఒక్కదానితో తేలదు. తేలనంత వరకు 11 శాతం అన్న మాట వాడకూడదు.

నల్లరాయి

గణాంకాల సంగతి లెక్కలమడి గారు చెప్పారు. భూగర్భం వైపు నుంచి నాకు ఇంకా పెద్ద చిక్కు కనిపిస్తోంది. మీ దగ్గర 4,100 రాళ్లు ఉన్నాయి గానీ నమూనా ఒక్కటే. ఒకే కందకం, ఒకే లోతు, బహుశా ఒకే రకం కింబర్లైట్.

గొట్టం అంటే ఒకే రాయితో నిండిన పాత్ర కాదు. ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన విస్ఫోటాలు వేర్వేరు శిలలను నింపి ఉంటాయి. బోట్స్వానాలోని కారోవే గని ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలుగా ఉంటుంది, మూడూ ఒకటి కావు. లెసోతోలోని లెట్సెంగ్‌లో ప్రధాన గొట్టం, ఉప గొట్టం పక్కపక్కనే ఉన్నాయి. ఉప గొట్టం వజ్రాలు క్యారట్‌కు ఎక్కువ ధర పలుకుతాయి. పక్కపక్కనే ఉన్న రెంటి ధరే ఒకటి కానప్పుడు, మీ కందకం ధరను 300 మీటర్ల లోతుకు ఎలా మోసుకెళతారు?

ఇంకొకటి. ఉపరితలం దగ్గర కింబర్లైట్ శిథిలమై మెత్తబడుతుంది, తేలికైన మట్టి వానకు కొట్టుకుపోతుంది, బరువైన వజ్రం నిలిచిపోతుంది. అందుకే పై పొరలో గ్రేడ్ నిజం కంటే ఎక్కువ కనిపించవచ్చు. లోతుకు వెళితే చుట్టుపక్కల శిల ముక్కలు కలిసిన చోట తగ్గవచ్చు. మీ 50 క్యారట్లు ఏ పొరవి?

తొలిపొర

పై 12 మీటర్లవి. శిథిల పొర కిందికంటా పోలేదు. మీరు చెప్పిన కోణం మా నివేదికలో అసలు లేదు. ఇప్పటిదాకా గ్రేడ్ గట్టిగా ఉంది, ధర ఒక్కటే మెత్తగా ఉంది అనుకున్నాను.

కొత్తచూపు

ఇంకో సందేహం. వంద టన్నులకు 50 క్యారట్లంటే పది గ్రాములు. నూరు టన్నుల రాయిలో పది గ్రాములు! ఇంతకంటే తక్కువ గ్రేడ్‌తో గనులు నడుస్తాయా?

కాటాపలక

నడుస్తాయి. ముడి వజ్రాలు విడదీసి ధర కట్టే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తాను. నల్లరాయి గారు చెప్పిన లెట్సెంగ్ సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన ఉంది. అక్కడ గ్రేడ్ వంద టన్నులకు 2 క్యారట్ల చుట్టూ. ప్రపంచంలో అతి తక్కువ గ్రేడ్ గనుల్లో అదొకటి. కానీ చాలా ఏళ్లు సగటున క్యారట్‌కు వెయ్యి డాలర్లు దాటే ధర వచ్చింది. 2006లో 603 క్యారట్ల లెసోతో ప్రామిస్, 2018లో 910 క్యారట్ల లెసోతో లెజెండ్ అక్కడే దొరికాయి. ఆ గని బతికేది పెద్ద రాళ్ల మీదే.

రెండో కొసన పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆర్గైల్. 1980ల నుంచి 2020లో మూతపడేదాకా 80 కోట్ల క్యారట్లకు పైగా ఇచ్చింది. గ్రేడ్ టన్నుకే కొన్ని క్యారట్లు. కానీ అత్యధిక భాగం చిన్న గోధుమరంగు రాళ్లు, క్యారట్ ధర చాలా తక్కువ. పేరు తెచ్చిన గులాబీ వజ్రాలు మొత్తంలో ఒక శాతం కూడా లేవు. కాబట్టి గ్రేడ్ ఒక్కటీ ఏమీ చెప్పదు, క్యారట్ ధర ఒక్కటీ చెప్పదు. రెండూ గుణించగా వచ్చే టన్ను విలువే అసలు అంకె.

ఇప్పుడు నమూనా సంగతికి రండి. ధర మీద నమ్మకం కలగాలంటే పార్సిల్ వేల క్యారట్లలో ఉండాలి. 5,000 క్యారట్లు కావాలంటే తొలిపొర గారి గ్రేడ్‌లో 10,000 టన్నులు తవ్వాలి. లెట్సెంగ్ లాంటి గ్రేడ్‌లో రెండున్నర లక్షల టన్నులు. అది నమూనా కాదు, చిన్న గనే. విలువ మొత్తం పెద్ద రాళ్లలో ఉన్న నిక్షేపానికే అతి పెద్ద నమూనా కావాలి, అక్కడే నమూనా తీయడం అతి ఖరీదు. ఈ ముడి ఇప్పటికీ విడిపోలేదు.

జల్లెడపట్టు

శుద్ధి కర్మాగారం వైపు నుంచి రెండు మాటలు. మొదటిది, ఏ జల్లెడ మీద అన్నది చెప్పకుండా గ్రేడ్ చెప్పకండి. అదే రాయిని 1 మిల్లీమీటరుకు బదులు 1.5 మిల్లీమీటర్ల జల్లెడతో పట్టండి. సన్న వజ్రాలు కిందికి పోతాయి, గ్రేడ్ తగ్గుతుంది. మిగిలినవి పెద్దవి కాబట్టి క్యారట్ ధర పెరుగుతుంది. టన్ను విలువ మాత్రం పెద్దగా కదలదు. ఒక జల్లెడ గ్రేడ్‌ను మరో జల్లెడ ధరతో గుణించిన నివేదికలు నేను చూశాను. అలా చేస్తే లేని సంపద కాగితం మీద పుడుతుంది.

రెండోది వజ్రాలు విరగడం. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు చీలుతుంది. క్రషర్ దవడల మధ్య ఎడం 30 మిల్లీమీటర్లు ఉంటే అంతకంటే పెద్ద రాయి ముక్కలు కాకుండా బయటికి రాదు. కారోవేలో 2015లో ఎక్స్-కిరణాలు రాయి గుండా పోయే తీరును బట్టి పెద్ద వజ్రాలను ముందే ఏరే యంత్రాలు పెట్టారు. అదే ఏడాది నవంబరులో 1,109 క్యారట్ల లెసెడి లా రోనా, 813 క్యారట్ల కాన్‌స్టెలేషన్ వచ్చాయి. పాత పద్ధతిలో అయితే అవి ఎన్ని ముక్కలయ్యేవో ఊహించండి. తొలిపొర గారూ, మీ 4,100 రాళ్లలో కొత్తగా విరిగిన ముఖాలు ఉన్నవి ఎన్ని? ఒకే రాయి నుంచి విడిపోయిన ముక్కలు ఉన్నాయా? భూమిలో ఉన్నప్పుడు విరిగిన ముఖానికి, నిన్న క్రషర్‌లో విరిగిన ముఖానికి తేడా సూక్ష్మదర్శినిలో తెలుస్తుంది. ఆ లెక్క చేయకుండా పరిమాణాల పట్టిక గీస్తే అది నిక్షేపాన్ని చూపదు, మీ క్రషర్‌ను చూపుతుంది.

లెక్కలమడి

ఖర్చు తగ్గించే దారి ఒకటి ఉంది, సూక్ష్మ వజ్రాలు. డ్రిల్లింగ్‌లో వచ్చిన రాతి కడ్డీల నుంచి కొన్ని కిలోల చొప్పున ముక్కలు తీసుకుని కాస్టిక్ సోడాలో కరిగిస్తారు. రాయి కరిగిపోతుంది, వజ్రం మిగులుతుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉన్నవి కూడా దొరుకుతాయి. చిన్నవి అసంఖ్యాకం కాబట్టి కొద్ది రాయిలోనే లెక్కకు సరిపడా వస్తాయి. గొట్టమంతటా, అన్ని లోతుల్లో ఇలా చేసి, పరిమాణానికి ఎన్ని రాళ్లో గీత గీసి, ఆ గీతను పైకి పొడిగిస్తే పెద్ద రాళ్ల గ్రేడ్ అంచనా వస్తుంది. నల్లరాయి గారి ఒకే కందకం అభ్యంతరానికి ఇదే సరైన జవాబు అనుకుంటున్నాను.

కాటాపలక

గ్రేడ్‌కు ఒప్పుకుంటాను. ధరకు మాత్రం ఒప్పుకోను. సూక్ష్మ వజ్రం రంగు చూసి 5 క్యారట్ల రాయి రంగు చెప్పలేం. ఆకారం, పగుళ్లు, మచ్చలు ఏవీ చెప్పలేం. ఖనిజ నిల్వలను ఎలా ప్రకటించాలో చెప్పే ఆస్ట్రేలియా వాళ్ల జోర్క్ నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. రాయిని పూర్తిగా కరిగించే పద్ధతిలో దొరికిన వజ్రాలకు ధర ప్రకటించకూడదు అంటుంది. వజ్రాలు ఎంత విరిగాయో అంచనా ఇవ్వమంటుంది, ఏ జల్లెడ మీద ధరో చెప్పమంటుంది, ధర వర్తకుడు కొనేదా అమ్మేదా అన్నది కూడా అడుగుతుంది. చదివిన ప్రతిసారీ ఆ నియమాలు రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

నల్లరాయి

గీతను పైకి పొడిగించడం మీద నాదీ ఒక హెచ్చరిక. 2016లో వెలువడిన పరిశోధన ఒకటి ఉంది. కలినన్, కారోవే, లెట్సెంగ్ లాంటి చోట్ల దొరికే అతి పెద్ద, దాదాపు నత్రజని లేని రెండో-ఏ రకం వజ్రాల్లో ఇనుము, నికెల్ కలిసిన లోహపు బిందువులు కనిపించాయి. అవి 360 నుంచి 750 కిలోమీటర్ల లోతులో, ద్రవ లోహంలో పెరిగినవని తేలింది. మామూలు వజ్రాలు ఖండాల అడుగున 150, 200 కిలోమీటర్ల దగ్గర పుడతాయి. రెండు పుట్టుకలు వేరు. కింబర్లైట్ వాటిని ఒకే బండిలో ఎక్కించుకుని పైకి తెచ్చింది, అంతే.

చిన్నవాటి గీతను ఎంత శ్రద్ధగా గీసినా, అందులో లేని కుటుంబాన్ని అది చూపలేదు. లెక్కలమడి గారు పైన వేరే కుటుంబం అన్నప్పుడు నాకు వెంటనే ఇదే తట్టింది. తొలిపొర గారూ, ఆ 9 క్యారట్ల రాయిని పరారుణ వర్ణపట పరీక్షకు పంపండి. నత్రజని ఉందో లేదో తెలుస్తుంది, రాయికి ఏ హానీ జరగదు.

పాతపటం

చాలా రోజులకు మనసుకు నచ్చిన చర్చ చదువుతున్నాను. మీరు మాట్లాడుతున్న చిక్కుతో దక్షిణాఫ్రికా గణాంకవేత్త హెర్బర్ట్ సిషెల్ దశాబ్దాల కిందటే తలపడ్డాడు. డానీ క్రిగె 1951లో అక్కడి బంగారు గనుల నమూనాలతో మొదలుపెట్టిన పని తరువాత క్రిగింగ్ (చుట్టుపక్కల నమూనాల నుంచి తవ్వని చోటు విలువను అంచనా వేసే పద్ధతి) అయింది. కానీ వజ్రాల్లో, ముఖ్యంగా ఒండ్రు నిక్షేపాల్లో, అది నేరుగా పనిచేయదు. నమీబియా తీరంలో సముద్రపు అడుగున కొన్ని చదరపు మీటర్ల చొప్పున నమూనాలు తీస్తే చాలావాటిలో ఒక్క రాయీ ఉండదు. రాతి గుంటల్లో చిక్కుకున్న చోట ఒకేసారి చాలా వస్తాయి. మామూలు పాయిజాన్ ఇంత గుంపును భరించలేదు. అందుకే సిషెల్ పాయిజాన్ సగటునే మారనిచ్చి కొత్త విభాజనం కట్టాడు. ఇప్పుడు అది ఆయన పేరుతోనే ఉంది.

సున్నాల గురించి ఒక మాట. కొత్తవాళ్లు సున్నా వచ్చిన నమూనాలను చూసి నిరుత్సాహపడతారు, కొందరు పట్టికలోంచి తీసేస్తారు. అది ఘోరమైన తప్పు. 1,000 క్యారట్లలో పెద్ద రాయి ఒక్కటీ రాకపోతే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది వెయ్యికి 3 కంటే ఎక్కువ ఉండవు అని మాత్రమే. అసలు లేవు అని కాదు.

నా అనుభవం కూడా చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు ఒక అన్వేషణ బృందంలో ఉన్నాను. మొదటి పార్సిల్‌లో ఒక అందమైన రాయి వచ్చింది. దాని బలంతో ధర ప్రకటించాం. ఆ రాయి ఫోటో నివేదిక అట్ట మీద వేశారు. రెండో నమూనా మొదటిదానికి ఆరు రెట్లు తీశాం, అలాంటిది మళ్లీ రాలేదు. ధర సగానికి వచ్చింది. అప్పటికే ఆ అంకె నమ్మి ఊళ్లు వదిలి పనికి వచ్చినవాళ్లు ఉన్నారు. నేను ఆ లెక్కకు సంతకం చేశాను. అది ఈ రోజుకీ నన్ను బాధిస్తుంది. అందుకే తొలిపొర గారి సంకోచం చూసి నాకు ఆనందం కలిగింది.

తొలిపొర

పది రోజుల తరువాత వస్తున్నాను. మీరు చెప్పినవి ఒక్కొక్కటీ చేసి చూశాను.

ముందు పార్సిల్‌లోని 4,100 రాళ్ల నుంచి తిరిగి తిరిగి 4,100 చొప్పున ఎంచుతూ 10,000 సార్లు సగటు కట్టాను. ఫలితాల పటంలో ఒక్క శిఖరం బదులు మూడు నాలుగు గుట్టలు వచ్చాయి. కారణం అర్థమయ్యాక కాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయాను. 37 శాతం సార్లు ఆ 9 క్యారట్ల రాయి ఎంపికలో లేదు, 37 శాతం సార్లు ఒకసారి ఉంది, 18 శాతం సార్లు రెండుసార్లు ఉంది. ఆ గుట్టలన్నీ ఆ ఒక్క రాయివే. పైగా ఎన్నిసార్లు తిప్పినా 15 క్యారట్ల రాయి ఒక్కసారి కూడా రాదు, మా పార్సిల్‌లో అది లేదు కనుక.

తరువాత దారి మార్చాను. రాళ్లను జల్లెడ తరగతులుగా విడదీసి, విరిగిన ముక్కలను సరిదిద్ది, పరిమాణాల గీత గీశాను. కొత్తగా విరిగినవి అనుకున్నదానికంటే చాలా ఉన్నాయి. జల్లెడపట్టు గారికి కృతజ్ఞతలు. ఒక్కో తరగతికి క్యారట్ ధర వేరుగా తీసుకున్నాను. చిన్న తరగతుల్లో వందల రాళ్లు ఉన్నాయి కాబట్టి ధర గట్టిగా ఉంది. పెద్ద తరగతుల్లో ధర, పరిమాణంతో పాటు ధర పెరిగే వాలును కింది తరగతుల నుంచి పైకి పొడిగిస్తే వచ్చింది. 9 క్యారట్ల రాయి ఆ వాలులో ఒక బిందువు అయింది, అంతకు మించి దానికి ఓటు లేదు. పార్సిల్ సగటు ధర 100 అనుకుంటే ఇప్పుడు మధ్య అంచనా 84. తక్కువ అంచనా 68, ఎక్కువ 118.

లెక్కలమడి

ఇది సరైన పద్ధతి. తక్కువకు, ఎక్కువకు మధ్య ఉన్న ఆ ఎడాన్ని నివేదికలో పెద్ద అక్షరాలతో రాయండి. మధ్య అంకె ఒక్కటే పైపేజీకి ఎక్కకుండా చూసుకోండి.

కాటాపలక

ధర కట్టిన తేదీ కూడా రాయండి. ముడి వజ్రాల బజారు నెలల్లో మారుతుంది. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు వచ్చాక కొన్ని తరగతుల ధరలు మరీ కదిలాయి. మీరు కట్టింది ఆ రోజు ధర మాత్రమే.

కొత్తచూపు

ఇకపై సంస్థల ప్రకటనలో క్యారట్‌కు ఇంత అని చూస్తే ముందు ఏమి వెతకాలి?

పాతపటం

పార్సిల్ ఎన్ని క్యారట్లదో చూడండి. తరువాత అతి పెద్ద రాయి వాటా ఎంతో అడగండి. ఆ రెండూ ప్రకటనలో లేకపోతే మిగతాది చదవడానికి తొందర లేదు.

నల్లరాయి

తొలిపొర గారూ, తరువాతి నమూనా ఎక్కడ తీస్తున్నారు? అదే కందకాన్ని పెద్దది చేస్తే క్యారట్లు పెరుగుతాయి గానీ గొట్టం గురించి తెలిసేది పెరగదు.

తొలిపొర

అదే వాదించాను, ఒప్పుకున్నారు. గొట్టం తూర్పు భాగంలో శిల రంగు, గట్టితనం వేరుగా ఉన్నాయి. అక్కడ శిథిల పొర దాటి లోపలికి వెళుతున్నాం. కడ్డీలన్నిటి నుంచి సూక్ష్మ వజ్రాల పరీక్షకు వేరుగా ముక్కలు తీస్తున్నాం, అవి గ్రేడ్‌కు మాత్రమే వాడతాం. రెండు భాగాల గ్రేడ్, ధర వేర్వేరు పట్టికల్లో ఉంటాయి. మొత్తం టన్నులతో గుణించిన అంకెను ఈసారి నివేదికలో పెట్టడం లేదు. ఆ పేజీ తీసేశారు.

పరారుణ పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. ఆ 9 క్యారట్ల రాయిలో నత్రజని బాగానే ఉంది. రెండో-ఏ రకం కాదు.

నల్లరాయి

అంటే అది చిన్నవాటి కుటుంబంలోదే అయ్యే అవకాశం ఎక్కువ. మీ వాలులో దాన్ని ఒక బిందువుగా ఉంచడం సరైనదే. అయితే ఒక్క రాయితో రెండో కుటుంబం ఈ గొట్టంలో లేదని అనుకోకండి. తూర్పు భాగంలో 2 క్యారట్లు దాటినవన్నీ అదే పరీక్షకు పంపండి. క్రషర్ ఎడం కూడా పెంచమని చెప్పండి.